మైనస్ 25216

ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం పిల్లలకు సి లాంగ్వేజ్ చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో నాకు ఒకటే ధ్యాస. ల్యాబ్ ముగిసేలోగా అందరికీ ఔట్‌పుట్ రావాలి. వస్తే నేర్చుకున్నట్టే అనుకున్నాను. అదెంత తెలివితక్కువ నమ్మకమో అర్థమయ్యేసరికి ఎన్నో బ్యాచ్‌లు నా చేతుల మీదుగా వెళ్లిపోయాయి.

అప్పట్లో మా ల్యాబ్‌లో టర్బో సి ఉండేది. ప్రోగ్రాం నేను బోర్డు మీద రాసేవాణ్ణి. పిల్లలు అబ్జర్వేషన్‌లో ఎక్కించుకుని, మక్కికి మక్కి టైప్ చేసి రన్ కొట్టేవారు. ఎర్రర్ వస్తే కీబోర్డు నా వైపు లాక్కుని సెమికోలన్ నేనే పెట్టేసేవాణ్ణి. ఔట్‌పుట్ చూడటం, సంతకం పెట్టడం, తర్వాతి ప్రోగ్రాంకు వెళ్లడం.

ఫాక్టోరియల్ చెప్పిన రోజు అందరూ 5 ఇచ్చారు, 120 వచ్చింది. ఒక అమ్మాయి మాత్రం అక్కడ ఆగకుండా అంకె పెంచుకుంటూ పోయింది. 7కి 5040 వచ్చింది. 8కి మైనస్ 25216 వచ్చింది. "సార్, అన్నీ ప్లస్ అంకెలే కదా గుణించింది, మైనస్ ఎలా వచ్చింది?" అని అడిగింది. టైమైపోతోందన్న కంగారులో, "5 ఇవ్వమ్మా, 120 వస్తుంది. రికార్డులో అదే రాయి" అన్నాను. తలూపి అదే రాసుకుంది. ఆ తర్వాత ఆ అమ్మాయి నన్ను ఏ సందేహమూ అడగలేదు.

జవాబు తెలియక అన్న మాట కాదది. టర్బో సిలో ఇంట్‌కు 16 బిట్లే. అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 32767. 8 ఫాక్టోరియల్ 40320, అంటే పట్టదు. అందులోంచి 65536 తీసేస్తే వచ్చే మైనస్ 25216 తెర మీద కనబడుతుంది. బోర్డు మీద ఐదు నిమిషాల్లో తేలిపోయే లెక్క. లెక్కల పుస్తకంలో సంఖ్యకు హద్దు లేదు, మెషీన్‌లో ఉంది. ఆ సెమిస్టర్ మొత్తంలో అంతకంటే ముఖ్యమైన పాఠం లేదు. దాన్ని ఒక విద్యార్థి తనంతట తాను పట్టుకొస్తే, సిలబస్‌కు అడ్డొచ్చిందని పక్కకు నెట్టాను.

ఈ తప్పు ల్యాబ్ గోడల మధ్యే ఆగేది కాదు. 1996 జూన్ 4న యూరప్ వాళ్ల ఏరియాన్ 5 రాకెట్ మొదటి ప్రయోగంలోనే, ఎగిరిన నిమిషంలోపే పేలిపోయింది. 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంగా మార్చబోతే అది పట్టలేదు. ఆ కోడ్ ఏరియాన్ 4లో ఇబ్బంది లేకుండా పనిచేసినదే. కొత్త రాకెట్ ప్రయాణంలో విలువలు పెరిగాయి, ఆ విలువలిచ్చి ముందుగా పరీక్షించలేదు. దాని గురించి చదువుతుంటే 5 ఇచ్చి 120 రాసుకోమన్న నా మాట గుర్తొచ్చి ప్రాణం చివుక్కుమంది. పనిచేసే విలువ ఒకటి చూసుకుని తృప్తిపడటం నా పిల్లలకు నేనే అలవాటు చేశాను.

2001లో వచ్చిన 'హౌ టు డిజైన్ ప్రోగ్రామ్స్' పుస్తకం నా పద్ధతిని తలకిందులు చేసింది. ఫంక్షన్ లోపలి కోడ్ రాయకముందే అది ఏం చేయాలో ఒక వాక్యంలో రాయాలి, ఏమిస్తే ఏం రావాలో ఉదాహరణలు రాయాలి అంటుంది ఆ పుస్తకం. ఇప్పుడు నా క్లాసు అక్కడే మొదలవుతుంది. "0 ఇస్తే? మైనస్ 3 ఇస్తే? 13 ఇస్తే?" అని ముందే రాయిస్తాను.

ఈ రోజుల్లో ఇంట్ సాధారణంగా 32 బిట్లు. 12 వరకు జవాబు సరిగ్గా వస్తుంది. 13 ఇస్తే 1932053504 వస్తుంది. మైనస్ లేదు కాబట్టి క్లాసంతా నమ్మేస్తుంది. నిజానికి ఇది మైనస్ 25216 కన్నా ప్రమాదం, చూడగానే అనుమానం రాదు. "గుణించిన వాటిలో 2, 5, 10 ఉన్నాయి కదా, చివర ఏం రావాలి?" అని అడుగుతాను. కాసేపటికి ఎవరో ఒకరు, "రెండు సున్నాలు రావాలి సార్, ఇక్కడ 04 ఉంది!" అంటారు. అప్పటినుంచి ఔట్‌పుట్‌ను వాళ్లు వేరే కళ్లతో చూస్తారు.

డిజైన్ కూడా అక్కడినుంచే వస్తుంది. ఇన్ని విలువలతో పరీక్షించాలంటే లెక్క చేసే ఫంక్షన్ వేరు, స్కాన్‌ఎఫ్, ప్రింట్‌ఎఫ్ వేరు కావాలి. అన్నీ మెయిన్‌లో కుక్కితే కుదరదని వాళ్లకే తెలిసొస్తుంది. మైనస్ 3 ఇస్తే లూప్ ఒక్కసారి కూడా తిరగకుండా 1 అని చెప్పేస్తుంది. దాన్ని ఫంక్షనే కాదనాలా, పిలిచినవాళ్లు ముందే చూసుకోవాలా? ఈ వాదన పిల్లల మధ్య నడుస్తున్నప్పుడు నేను నోరు విప్పను, కీబోర్డు ముట్టుకోను.

ఇంటర్నల్స్‌లో ఇప్పుడు సగం మార్కులు ప్రోగ్రాంకు, సగం అది ఎక్కడ తప్పుతుందో చూపించినందుకు. ల్యాబ్‌లో చేసే ప్రోగ్రాంలు తగ్గాయి, సిలబస్ వెనకబడుతోందన్న మాట పడుతూనే ఉన్నాను. పడతాను. రాసిన కోడ్‌ను ఎంతవరకు నమ్మవచ్చో చెప్పలేని పిల్లలకు ప్రోగ్రామింగ్ వచ్చిందని సంతకం పెట్టడం ఇక నా వల్ల కాదు.