ఆగుడు, లోడగుచున్నది!

ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కొలువులోని ఆల్బర్ట్ ఆబిద్ తెరచిన దుకాణమువలన పేరు వచ్చిన ఆబిడ్స్‌లో, ఆదివారమునాడు కాలిబాటపై పట్టా పరచి పాతపుస్తకములు పోసికొన్న వర్తకుడు, దారిన పోవువానిని గంటసేపు గొంతుకూర్చుండబెట్టి పుటలు త్రిప్పించుచుండగా, ఆ ప్రక్కసందులోనే వేలు పోసి వెబ్‌సైటు కట్టించుకొన్న శేఠుగారు వచ్చినవానిని నిముషమైనను నిలుపలేకున్నారు.

నిలుచుటెట్లు? పుటలోని ప్రధానభాగము 2.5 సెకండ్లలోపల కానరావలెనని గూగుల్ ప్రమాణము పెట్టినది గాని, ఈ సైటు మాత్రము తొలుత యజమాని పటమును, పిదప తండ్రిగారి పటమును, ఆపైని రిబ్బను కత్తిరించుచున్న ఎమ్మెల్యేగారి పటమును తాపీగా దొర్లించి, అడుగకయే సన్నాయి వినిపించి, సరకేదో చూపకమునుపే మన ఫోన్ నంబరడుగును. ధర యెంతయన్న ‘సంప్రదింపుడు’ అనును. సంప్రదించుటకు వారి నంబరుండదు. ఎంత గుట్టు!

ఏటేటా సాధారణముగా జనవరి 1న తెరచుకొను నాంపల్లి నుమాయిష్‌లో అంగడివాడు ముందు వస్తువును చేతిలో పెట్టి, ధర కేకవేసి, పిమ్మటనే బేరమునకు దిగును. శేఠుగారూ, సైటు తెరవగానే సరకు, ధర, కొట్టు తెరచువేళ, నంబరు కనబడనిండు. ఎమ్మెల్యేగారిని కొట్టుగోడమీదనే ఉండనిండు.