మన్యం పితూరీని బల్లమీద గెలవడం ఎలా?

ముందు ఏ ఏడాది యుద్ధం ఆడాలో తేల్చుకోండి. సైనికుల బొమ్మలతో బల్లమీద యుద్ధాలాడే వాళ్ళకి 1879 అంటే ప్రాణం. ఆ జనవరిలో ఇసాండ్ల్వానా దగ్గర జులూలు ఇంగ్లీషు పటాలాన్ని ఊడ్చేశారు. ఆ ఒక్క రోజు పేరు చెప్పుకుని ఇప్పటికీ బొమ్మల పెట్టెలు అమ్ముడుపోతున్నాయి. అదే ఏడాది మార్చిలో మన రంపలోనూ పితూరీ లేచింది. కల్లుమీద చిగురుపన్ను, మన్సబుదారు జులుం, పోలీసుల మామూళ్ళు అందుకు కారణాలు. ఆ మంట గొలుగొండ కొండల దాకా పాకింది. రంప బొమ్మల పెట్టె మాత్రం నా కంటబడలేదు. కంగారు పడకండి. జులూ పెట్టె ఒకటి తెప్పించి, డాళ్ళు పీకేసి, వీళ్ళే ద్వారబంధాల చంద్రయ్య మనుషులని చెప్పేయండి. కొండవాళ్ళు కొండవాళ్ళే, ఏ ఖండమైతే ఏం?

దొరల పక్షానికి గులాబీ రంగు పెద్ద డబ్బా కొనండి, ముఖాలన్నిటికీ అదే పూయాలి. ఆ పితూరీని అణచడానికి వచ్చినవి ఆరు మద్రాసు పదాతి పటాలాలు, వాటి వెనక అశ్వికదళం, సాపర్లు, హైదరాబాదు కంటింజెంటు సిపాయిలు. వీళ్ళలో తెల్లముఖాలు ఎన్నని చరిత్ర చదివిన కుర్రాడెవడైనా అడుగుతాడు. మద్రాసు సైన్యంలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు కదండీ అని కూడా అంటాడు. వాణ్ణి టీ తెమ్మని పంపించండి. రెండువైపులా ఒకే రంగు పూస్తే ఎవరు ఎవరో ఎలా తెలుస్తుంది?

దిగుమతి బొమ్మలు ఖరీదంటారా, ఏటికొప్పాక దగ్గరే. అంకుడు కర్రతో లక్కబొమ్మలు చేయించుకోండి. చరఖుమీద గుండ్రంగా తిరిగిన సిపాయికి చేతులూ కాళ్ళూ విడివిడిగా రావు, కాబట్టి తుపాకీ పట్టే ఇబ్బందే లేదు. అడవిలోకి పోయి కర్ర మీరే కొట్టుకొస్తే మాత్రం ఆట మరీ సహజంగా తయారవుతుంది. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక కొండవాడు కొమ్మ ముట్టుకున్నా కేసే.

బల్లమీద ఆకుపచ్చ గుడ్డ పరవండి. చదునుగా, ముడత లేకుండా. లంబసింగి ఘాటూ, చింతపల్లి లోయలూ, వెదురు పొదలూ పెడితే బొమ్మలు జారిపడతాయి, పైగా కొలతటేపు వంగుతుంది. యుద్ధరంగం ఎలా ఉండాలో సందేహం వస్తే 1974లో వచ్చిన కృష్ణ సినిమా ‘అల్లూరి సీతారామరాజు’ చూడండి. దాన్ని చాలావరకు తీసింది హార్సిలీ కొండల్లో. మన్యానికి అంత దగ్గరగా వెళ్తే చాలు.

రోడ్డు మాత్రం తప్పకుండా వేయండి. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి ఒక గోధుమరంగు రిబ్బను అతికించండి. రోడ్డెక్కిన దళం రెట్టింపు దూరం కదులుతుందని నియమం పెట్టండి. ఆ రోడ్డు ఎవరు వేశారని అడక్కండి. గూడెం తహసీల్దారు బాస్టియన్ కొండవాళ్ళ చేత కూలి ఎగ్గొట్టి చాకిరీ చేయించాడనీ, సీతారామరాజు వెనక జనం కదలడానికి అదీ ఒక కారణమనీ మొదలుపెడితే, రిబ్బను అతికించేలోపే ఆట మొదలైపోయినట్టవుతుంది. మన రూల్‌బుక్‌లో రోడ్లు వాటంతటవే పుడతాయి.

ఇక సీతారామరాజు పితూరీకి, అంటే 1922కి వద్దాం. అది పందొమ్మిదో శతాబ్దం కాదుగా అంటారేమో. టోపీలు మార్చకుండా కానిచ్చేయండి. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్లు, 26 తుపాకులు, 2500 తూటాలు. ఇందులో ఆటేముంది? వచ్చారు, తీసుకున్నారు, పట్టుకెళ్ళిన సరుకు స్టేషను పుస్తకంలో రాసి సంతకం పెట్టి పోయారు. ఒక్క పాచిక కూడా దొర్లదు. పైగా వస్తున్నామని మిరపకాయ టపాతో ముందే కబురు పెట్టేవారని జనం చెప్పుకుంటారు. శత్రువుకి ముందే చెప్పి వచ్చే సేనాపతికి ఏ పుస్తకంలోనూ పాయింట్లు లేవు. ఈ మూడు రోజులూ వదిలేయండి. తూటాల లెక్క కూడా వదిలేయండి. 26 తుపాకులతో అడవిలో ఏడాదిన్నర పైగా నెట్టుకురావడం ఎలాగన్నది లెక్కల మాస్టార్ల బాధ, మన సిపాయి తూటాలు ఎప్పటికీ అయిపోవు.

అన్నిటికంటే గట్టిగా పట్టుకోవలసిన నియమం ఒకటుంది. కాల్చేవాడు తనకి అందరికంటే దగ్గరగా ఉన్న శత్రువునే కాల్చాలి. చాలా ఆటల్లో ఉన్నదే. దీన్ని సడలించారో, దామనపల్లి ఘాట్ మీ కొంప ముంచుతుంది. 1922 సెప్టెంబరు 24న ఆ కనుమలో మాటువేసినవాళ్ళు ముందు నడుస్తున్న దేశీ పోలీసుల్ని చేతికందే దూరంలో ఉన్నా పోనిచ్చారు. వెనక వస్తున్న దొరల్ని కాల్చారు. స్కాట్ కవర్డ్, హైటర్ ఇద్దరూ పోయారు. అంటే దగ్గరివాణ్ణి వదిలి దూరపువాణ్ణి ఎంచుకున్నారు, వరసలో ముందున్నవాడు మనవాడేనని వాడి వేతనం సంగతి తెలిసీ ఊరుకున్నారు. ఇలా మనిషిని చూసి గుండు దాచుకునే సైన్యానికి నియమం రాయడం మొదలుపెడితే పుస్తకం చివరికి మీరే వాళ్ళ పక్షాన చేరిపోతారు. వద్దు. టేపు పెట్టి కొలవండి, దగ్గరివాణ్ణి కాల్చండి.

జ్వరానికి పాచిక వద్దు. మన్యం జ్వరం పటాలాల్ని మంచాలెక్కించిన సంగతి బల్లమీద చూపించాలంటే సగం బొమ్మల్ని పడుకోబెట్టాలి, రంగులు వేసినవాడికి మనసొప్పదు. బియ్యం మోసే కూలీలకీ బొమ్మలు వద్దు. ఊళ్ళకైతే నాలుగు గుడిసెలు చాలు. అందులో మనుషులుంటారనీ, రాజు దళానికి గింజ పెట్టారన్న అనుమానం మీద వాళ్ళ మీదా పోలీసులు పడ్డారనీ తెలిసినా, గుడిసె కప్పు ఎత్తి చూడకండి. నిజానికి తిరుగుబాటు నడుం విరిగింది అక్కడే అనిపిస్తుంది నాకు, అయినా ఆకలికి పాయింట్లెలా వేస్తాం?

అరుగుమీద బొగ్గుతో గీసి పులి-మేక ఆడే ముసలమ్మల్ని బల్ల దరిదాపులకి రానీయకండి. మూడు పులులు, పదిహేను మేకలు. రెండు పక్షాలూ సమానంగా ఉండాలనే మన సూత్రాన్ని చూసి నవ్వుతారు. మేక పులిని చంపదు, కదలకుండా చేస్తుంది, అంతే. ఆ ఆట చిన్నప్పుడే నేర్చినవాళ్ళు మీ మద్రాసు పటాలాన్ని మధ్యాహ్నం భోజనాల వేళకి ఘాటురోడ్డు మీదే నిలబెట్టేస్తారు.

1924 జనవరిలో అస్సాం రైఫిల్స్ దిగారు కాబట్టి ఆ పెట్టె కూడా కొనండి, ఖర్చుకి వెనకాడకండి. మే 7 ఘట్టం మాత్రం కొయ్యూరులో ఆడకండి. మంపదగ్గర పట్టుకున్న రాజుని ఈ ఊరికే తెచ్చారు, విచారణ లేదు, మేజర్ గుడాల్ కాల్పించాడు. ఆటకి ఇద్దరుండాలి. ఒకడి చేతులు కట్టేసి ఉన్నప్పుడు పాచిక ఎవరికోసం వేస్తారు? చూడ్డానికి వచ్చిన ఊరివాళ్ళు కూడా పాచిక వైపు కాదు, మీ వైపు చూస్తారు.

అందుకని ఎనిమిది వంతులతో ఆట ఆపేయండి, పాయింట్లు లెక్కేయండి, దొరలు గెలిచారని ప్రకటించి బొమ్మలు దూదిలో చుట్టి పెట్టేయండి. తొమ్మిదో వంతు పెడితే సాగుతూనే ఉంటుంది. రాజు దళంలో ఉండి, పట్టుబడి జైలు చూసివచ్చిన గాం మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి నెగ్గుతాడు, దానికి ఎన్ని పాయింట్లో పుస్తకంలో వెతుక్కోవాలి.