బ్యాటరీ అయిపోతున్న శ్రుతి

మా హార్మోనిస్టు బాబాయ్ నా పద్యం మొదటిసారి విన్న రోజు మెచ్చుకోనూ లేదు, తిట్టనూ లేదు. హార్మోనియం తొక్కడం ఆపి, రెండు చేతులూ మెట్ల మీంచి తీసి ఒళ్లో పెట్టుకుని, జబ్బుమనిషిని పరామర్శించే గొంతుతో అడిగాడు.

"ఏందబ్బాయా, ఇది ఏ శ్రుతి?"

"నాలుగు బాబాయ్," అన్నాను ధీమాగా.

"నాలుగులోనే మొదలుపెట్టావులే. రెండో పాదానికి మూడులోకి దిగావు. ఆఖరికొచ్చేసరికి మూడుకీ రెండున్నరకీ మధ్య సందులో పడ్డావు. ఆ సందులో నా పెట్టెకి మెట్టు లేదు. యాడ నేర్చుకున్నావిది?"

"క్యాసెట్టు విని."

బాబాయ్ కాసేపు చూరు వంక చూశాడు. "టేపు రికార్డరు కరెంటుదా, బ్యాటరీలదా?"

బ్యాటరీలదే. ఇంట్లో పాడితే ఇల్లాలు ఊరుకోదని రోజూ సాయంత్రం సాగర్ కుడికాలవ మేజరు గట్టుకి పోయి, తుమ్మచెట్టు కింద కూర్చుని, పెట్టిన పద్యమే పెట్టి, నలభై రోజులు సాధన చేశాను. బ్యాటరీలు నీరసపడ్డ కొద్దీ టేపు నెమ్మదిస్తుంది, టేపు నెమ్మదించిన కొద్దీ గొంతు కిందికి జారుతుంది. అది గాయకుడి గొప్పతనం అనుకున్నాను. పై నుంచి కిందికి ఎంత హుందాగా దిగుతున్నాడో అని మురిసిపోయాను. నలభై రోజుల కష్టంతో నేను తూచా తప్పకుండా వంటబట్టించుకున్నది బ్యాటరీ అయిపోతున్న శ్రుతి అన్నమాట.

ఇది పాతికేళ్ల కిందటి ముచ్చట. అప్పటికి మాది గుంటూరు జిల్లానే. పల్నాడు జిల్లా అని నరసరావుపేటలో బోర్డులు మారింది 2022 ఏప్రిల్‌లో. నేనొక హైస్కూల్లో లెక్కల మాస్టారిని. ఆ ఏడు మా ఊరి పెద్దలకి రికార్డింగ్ డాన్సుల మీద హఠాత్తుగా విరక్తి పుట్టింది. శివరాత్రికి కోటప్పకొండ కింద తాటిచెట్లను మించి లేచే ప్రభల్లో మా ఊరి ప్రభ కూడా ఒకటి. దాని ముందు ఈసారి పద్యనాటకమే ఆడాలని తీర్మానించారు. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగం కంటే జనానికి తెలిసిన నాటకం ఏముంటుంది? అందులో కృష్ణుడి వేషాన్ని ఒక్కరే తెల్లవార్లూ మొయ్యరు. పడక సీనుకి ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు, ఓపికుంటే మూడో కృష్ణుడు. రాయబారం కృష్ణుణ్ణి తెనాలి వైపు నుంచి డబ్బిచ్చి పిలిపించారు. మైకు సెట్టు ఖర్చు నేను పెట్టుకుంటానన్నాను. అలా పడక సీను కృష్ణుణ్ణయ్యాను.

రాయబారం దక్కలేదని నేనేమీ బాధపడలేదు. పల్నాట్లో రాయబారాలకి అంత మంచి పేరు లేదు. మన అలరాజు రాయబారానికి వెళ్లే కదా చర్లగుడిపాడులో విషానికి బలయ్యాడు. పైగా పడక సీనులో ఒక పెద్ద సదుపాయం ఉంది. కృష్ణుడు మొదట కాసేపు కళ్లు మూసుకుని పడుకుంటే చాలు. తలాపున దుర్యోధనుడు, కాళ్ల దగ్గర అర్జునుడు వచ్చి కూర్చుంటారు. ఆ భాగం నాకు ఏ గురువూ లేకుండానే వచ్చేసింది.

బాబాయ్ దగ్గర చిక్కంతా లేచిన తర్వాతే. రెండో రోజు మళ్లీ పాడమన్నాడు. మూడో పాదం కాగానే నేను "ఖళ్" మని దగ్గి, నాలుగో పాదం ఎత్తుకున్నాను. ఆపమన్నాడు.

"దగ్గెందుకు?"

"అది గమకం కాదా?"

"ఆ క్యాసెట్టు పాడినాయనకి ఆ పూట జలుబు చేసుంటది. నీకేమైంది?"

ఇంకొంచెం పాడాను. ఒక చోట ఆగి, చెయ్యి కొద్దిగా పైకెత్తి, సభ వైపు మందహాసం చేశాను. బాబాయ్ వెనక్కి తిరిగి చూశాడు. వెనకాల గాదె తప్ప ఇంకేమీ లేదు.

"ఎవరికి నవ్వుతున్నావు?"

"అక్కడ చప్పట్లు కొడతారు బాబాయ్. క్యాసెట్టులో పావు నిమిషం వస్తాయి. వన్స్‌మోర్ అని కూడా అంటారు."

అప్పుడు బాబాయ్ చేసిన పని నేనింకా మర్చిపోలేదు. నా పద్యాన్ని నాలాగే పాడి చూపించాడు. మెడ ముందుకు చాచి, నరాలు బిగబట్టి, కనుబొమ్మలు నొసటి మధ్యకి లాక్కుని, పాదం చివర గాలి చాలక ఆఖరి రెండక్షరాలూ మింగేసి. గుమ్మంలో పలక పట్టుకుని కూర్చున్న ఆయన మనవడు కిందపడి దొర్లాడు. వాణ్ణి కొట్టాలన్నంత కోపం వచ్చింది గానీ, ఆ కోపంలోనే నాకు మొదటిసారి నా గొంతు వినపడింది. అప్పటిదాకా నేను పాడుతున్నప్పుడల్లా నా చెవుల్లో మోగింది క్యాసెట్టు గొంతే.

అనుకరణలో ఉన్న తిరకాసు ఇదేననిపించింది. పెద్దవాళ్లలో పైకి కనపడేదీ వినపడేదీ మనకి చప్పున అంటుకుంటుంది: దగ్గు, చెయ్యి ఊపు, ఉత్తరీయం సర్దుకోవడం. పద్యాన్ని నిలబెట్టేది ఊపిరి. అది కనపడదు, కాబట్టి అంటుకోదు. మా దాచేపల్లిలో పుట్టిన ధూళిపాళ సీతారామశాస్త్రి గారు రంగస్థలం మీంచి సినిమాల్లోకి పోయి, 1962లో 'భీష్మ'లో దుర్యోధనుడు వేశారు, 1966లో 'శ్రీకృష్ణ పాండవీయం'లో శకుని వేశారు. ఆ తర్వాత మా వైపు శకుని వేషం కట్టినవాడల్లా భుజం ఒకపక్కకి వాల్చి ఆ నవ్వే నవ్వాడు. ఆ నవ్వు వెనక ఆయన నమిలి మింగిన వాచకం మాత్రం ఎవడికీ రాలేదు. చిన్నప్పుడు నేను ఈలపాట రఘురామయ్య గారిలా నోట్లో వేలు పెట్టుకుని ఈల వెయ్యాలని ప్రయత్నించాను. వేలు తడిసింది.

అలాగని అనుకరణని తీసిపారెయ్యడానికీ లేదు. తెలుగు నాటకమే అనుకరణలోంచి లేచింది. 1880 ప్రాంతాల్లో ధార్వాడ నాటక సమాజం వాళ్లు మన ఊళ్లలో ఆడిపోతే, అది చూసి మనమూ ఆడదామని మనవాళ్లు మొదలుపెట్టారు. ఇక కారెంపూడిలో ప్రతి కార్తీకమాసం చివర అయిదు రోజులు వీరుల ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. అక్కడ పల్నాటి వీరుల కథ పాడే విద్యవంతులు ఏ బళ్లో నేర్చుకున్నారు? పెద్దాళ్ల వెనక నిలబడి వంత పాడీ పాడీ నేర్చుకున్నారు. తప్పు పాడితే పక్కనే ఉన్న పెద్దాయన అక్కడే సరిచేస్తాడు, పాట ఆగదు.

మిరపకాయ కోత కూడా అంతే. పిల్ల తల్లి పక్క సాలులో నడుస్తుంది, తల్లి వేళ్లు చూస్తుంది. తొడిమతో సహా కాయని ఎలా మెలిపెట్టాలో ఎవరూ ఉపన్యసించరు. కొమ్మ విరిగిందా, ఆ క్షణాన్నే మూడు సాళ్ల అవతల్నుంచి అరుపు వినపడుతుంది. అరుపు సాయంత్రానికి వాయిదా పడితే ఆ పిల్లకి ఏ కొమ్మ గురించో తెలియదు. నాకు దొరకని సదుపాయం అదే. తుమ్మచెట్టు అరవదు.

మనకి స్వయంకృషి అనగానే ఏకలవ్యుడు గుర్తొస్తాడు. ఆయన మట్టిబొమ్మ ముందు సాధన చేశాడు, నేను టేపు రికార్డరు ముందు చేశాను. ఇద్దరి గురువులూ నోరు మెదపలేదు. ఆయన మహానుభావుడు కాబట్టి విద్య వచ్చింది. గురువుగారి అభిప్రాయం మాత్రం చివర్లో ఒక్కసారే వచ్చింది, వచ్చి బొటనవేలు పట్టుకుపోయింది. అంత ఆలస్యంగా, అంత టోకుగా వచ్చే అభిప్రాయం ఎవరికీ వద్దు. రోజుకింత చిల్లరగా వస్తేనే మేలు.

బాబాయ్ చిల్లర వ్యాపారి. ముందు శ్రుతిని నాలుగు నుంచి ఒకటిన్నరకి దింపాడు. నాకు తలకొట్టేసినట్టయింది. "కిరీటం నీ తలకి సరిపోయేది పెట్టుకుంటావా, తెనాలాయన తలకి సరిపోయేది పెట్టుకుంటావా?" అన్నాడు. నాలుగు పద్యాల్లో మూడు కోసేశాడు. మిగిలిన ఒక్క ఉత్పలమాలని కాగితం మీద రాయించి, నా జేబులోంచి ఎర్ర పెన్ను లాక్కుని, అక్కడక్కడా చిన్న చిన్న టిక్కులు పెట్టాడు.

"ఇవేంటి?"

"ఊపిరి."

నేను లెక్కల మాస్టారిని కదా, అప్పటికే ఒక సూత్రం కట్టుకుని ఉన్నాను. పాదానికి ఇరవై అక్షరాలు, యతి పదో అక్షరం, కాబట్టి పదికొక ఊపిరి చొప్పున పద్యానికి ఎనిమిది. బాబాయ్ టిక్కులు చూస్తే ఒకటి ఏడు మీద, ఒకటి పదమూడు మీద, ఒకచోట పాదం దాటి అవతలి పాదంలోకి పోయి పడింది. ఇందులో లెక్కేముందని అడిగాను.

"కృష్ణుడు అవతలోడితో మాట్టాడుతున్నాడబ్బాయా. మాట యాడ తెగిద్దో ఊపిరి ఆడ తీసుకోవాలి. నువ్వు కూరగాయలు బేరం చేసేటప్పుడు పది అక్షరాలకోసారి ఆగుతావా?"

ఆ తర్వాత వారం రోజులు నేను పాడింది అర్ధపాదం. పద్యంలో ఎనిమిదో వంతు. ఇరవైసార్లు అదే. వచ్చిన ముక్కని మళ్లీ పాడబోతే చెయ్యి అడ్డం పెట్టేవాడు. "అది వచ్చుగా. రానిది పాడు." ఇది వినడానికి తేలికే. మనిషి స్వభావానికి ఇంతకంటే విరుద్ధమైనది మరొకటి లేదు. నా నలభై రోజుల సాధనలో ముప్ఫయి రోజులు నేను మొదటి పాదాన్నే ఆనందంగా పాడుకున్నాను, అది నాకు వచ్చు కాబట్టి.

చాలా ఏళ్లకి ఒక పుస్తకంలో చదివాను. ఆండర్స్ ఎరిక్సన్ అనే స్వీడన్ శాస్త్రవేత్త బెర్లిన్‌లో వయొలిన్ నేర్చుకునే వాళ్లని పరిశీలించి, సహచరులతో కలిసి 1993లో ఒక వ్యాసం రాశాడు. బాగా వాయించేవాళ్లు అప్పటికి ఒంటరి సాధనలో మిగతావాళ్ల కంటే ఎక్కువ గంటలు గడిపి ఉన్నారని తేల్చాడు. 2008లో మాల్కం గ్లాడ్‌వెల్ దాన్ని పదివేల గంటల సూత్రంగా ప్రచారం చేస్తే, గంటలు లెక్కపెట్టుకుంటే సరిపోదు, తప్పు పట్టుకునే గురువూ రాని ముక్క మీద గురీ ఉండాలని ఎరిక్సనే అడ్డం తిరిగాడు. పాపం, బెర్లిన్ దాకా పోయాడు. రొంపిచర్ల బస్సెక్కితే మా బాబాయ్ టీ తాగేలోపు చెప్పేవాడు.

ఇంట్లో కూడా నాకొక పరీక్షాధికారి తయారైంది. అది మాఘమాసం, డాబా నిండా మిరపకాయలు ఎండపోసి ఉన్నాయి. కాలవ గట్టు మానేసి డాబా మీదే సాధన మొదలుపెట్టాను. గట్టిగా ఊపిరి పీల్చగానే ఘాటు ముక్కుకెక్కి దగ్గు తన్నుకొచ్చేది. ఈసారి నిజం దగ్గు. మా ఆవిడ మొదట విసుక్కుంది, తర్వాత శ్రద్ధగా వినడం మొదలుపెట్టింది. నా కళ మీద అభిమానం పుట్టిందని పొంగిపోయాను. ఒకరోజు మెట్ల మీంచే కేకేసింది.

"ఏమండీ, మొన్న మూడో పాదం దాకా దగ్గలేదు. నిన్న రెండో పాదానికే దగ్గారు. ఇవాళ నోరు తెరవగానే దగ్గారు. కాయ ఎండినట్టే, గోతాలు దింపండి."

శివరాత్రి రానే వచ్చింది. ముఖానికి నీలం రంగు పూశారు. అద్దె కిరీటం బాబాయ్ చెప్పిన సిద్ధాంతానికి విరుద్ధంగా నా తలకంటే రెండంగుళాలు పెద్దది. పడుకున్నంతసేపూ బాగా చేశానని అందరూ ఒప్పుకున్నారు. నెమలిపింఛం ముక్కులో దూరినా కదల్లేదు. లేచాను, అర్జునుణ్ణి చూశాను, దుర్యోధనుణ్ణి చూశాను, పద్యం ఎత్తుకున్నాను. ఒకటిన్నర శ్రుతి. మొదటి పాదం టిక్కుల ప్రకారం నడిచింది. రెండోదీ నడిచింది. మూడో పాదం పూర్తవుతుండగా, నేను ఏమాత్రం ఊహించని ప్రమాదం జరిగింది. జనం చప్పట్లు కొట్టారు.

క్యాసెట్టు చప్పట్లకి నవ్వే అలవాటుని బాబాయ్ ఆరువారాలు కష్టపడి మానిపించాడు. నిజం చప్పట్లకి ఏం చెయ్యాలో చెప్పలేదు. నేను ఆగాను, చెయ్యెత్తాను, మందహాసం చేశాను. ఆ మందహాసం సరిగ్గా ఊపిరి టిక్కు మీద పడింది. గాలి లేని రొమ్ముతో నాలుగో పాదంలోకి దిగాను. ఆరో అక్షరానికే గొంతు పీలగా సాగి గాల్లో వేలాడింది. అంతలో వెనక వరసలోంచి ఎవడో పుణ్యాత్ముడు, కొండెక్కే భక్తుల కేక అందుకున్నాడు.

"చేదుకో కోటయ్యా, చేదుకో!"

మైదానమంతా అందుకుంది. వేలమంది నన్ను పైకి లాగమని త్రికోటేశ్వరుణ్ణి వేడుకుంటుంటే, బాబాయ్ తొక్కుడు ఆపకుండానే మైకు వైపు వంగి మిగతా పాదం తనే పాడేశాడు. పెదాలు నావి, పద్యం హార్మోనియం దగ్గర్నుంచి. కృష్ణుడు సర్వాంతర్యామి కాబట్టి ఎక్కణ్ణుంచి పలికినా చెల్లుతుందని మా ప్రెసిడెంటు గారు సర్దిచెప్పారట.

మర్నాడు బాబాయ్ ఓదార్చలేదు. "మూడు పాదాలు నీవి. నాలుగోది నాది. చప్పట్లకి ఆగితే ఆగావు, మళ్లీ ఊపిరి తీసుకుని ఎత్తుకోవాల. ఎల్లుండి రా," అన్నాడు. నాలుగింట మూడంటే డెబ్బై అయిదు శాతం, మా బళ్లో ఫస్టు క్లాసు. ఎల్లుండి వెళ్లాను.

ఈలోగా బళ్లో దిద్దాల్సిన పేపర్లు కట్టకట్టి ఉన్నాయి. పదిహేనేళ్లుగా నేను పేపర్ల మీద రాస్తున్నది ఒకటే వాక్యం: 'ఇంకా శ్రద్ధ అవసరం'. ఎర్ర పెన్ను ఎత్తి అదే రాయబోయి ఆగాను. బాబాయ్ నాతో ఆరువారాల్లో ఒక్కసారైనా శ్రద్ధ పెట్టమని అన్నాడా? ఆ పిల్లాడి పేపరు మళ్లీ మొదట్నుంచి చూశాను. వాడికి బీజగణితం వచ్చు. బ్రాకెట్టు ముందు మైనస్ ఉన్న ప్రతిచోటా మొదటి గుర్తు మారుస్తున్నాడు, రెండోది మర్చిపోయి తొందరగా కింది మెట్టుకి దూకేస్తున్నాడు. ఏడు లెక్కల్లో ఏడుసార్లూ అక్కడే పడ్డాడు. ఆ ఏడు చోట్లా చిన్న టిక్కు పెట్టి, పక్కన నాకు తెలిసిన భాషలోనే రాశాను: 'ఇక్కడ ఊపిరి తీసుకో'.

మూడో రోజు వాడి నాన్న పొలం నుంచి సరాసరి బడికొచ్చాడు. తలగుడ్డ నిండా మిరపకాయ గింజలు. పేపరు చేతిలో పట్టుకుని స్టాఫు రూము గుమ్మంలో నిలబడ్డాడు.

"సారూ, మావాడికి ఆయాసమేమన్నా ఉందాండీ? పేటలో డాక్టరుకి చూపించమంటారా?"