పది బై పది ఖోలీలో పద్నాలుగు కోర్లు

ముంబై లామింగ్టన్ రోడ్డులో దుకాణం మెట్లెక్కే ముందు ఒక్క పది నిమిషాలు నా మాట వినండి. ధారావిలోనో, కామాటిపురాలోనో, వర్లీ బీడీడీ చాళ్లలోనో ఉంటూ కంప్యూటరు కొనబోతున్న మన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు అక్కడ చెప్పేది ఒక్కటే: "కోర్ ఐ5 తీసుకో. కొత్తది, వారంటీ ఉంది, లైట్ బిల్లు తక్కువొస్తుంది." ఇంటికొస్తే చుట్టాలూ అదే అంటారు. నేను ఇరవై ఏళ్లుగా ధారావిలో ఎంబ్రాయిడరీ మిషన్లకు డిజైన్లు చేసి బతుకుతున్నవాణ్ణి. నా సలహా దానికి పూర్తిగా ఎదురు. కొత్త డెస్క్‌టాప్ ప్రాసెసర్ కొనకండి. ఏదో ఒక డేటా సెంటరులో ఏళ్ల తరబడి పనిచేసి దిగిన పాత జియాన్ కొనండి. సర్వర్ల కోసం, పెద్ద వర్క్‌స్టేషన్ల కోసం పుట్టిన ఆ చిప్పే మన ఒంటిగది ఖోలీకి తగింది.

ముందు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం, ఏదీ దాచకుండా. కోర్ ఐ5 12400 అనేది 2022లో వచ్చింది. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, గరిష్ఠ వేగం 4.4 గిగాహెర్ట్జ్, మామూలు లెక్కలో 65 వాట్లు. తెర నడిపే గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది. మెమరీ 128 జీబీ దాకా, రెండు దారుల్లో. జియాన్ ఈ5 2680 వీ4 2016 నాటిది. పద్నాలుగు కోర్లు, ఇరవై ఎనిమిది థ్రెడ్లు. వేగం మాత్రం 2.4, గట్టిగా తోస్తే 3.3. 120 వాట్లు. మెమరీకి నాలుగు దారులు, ఒక్క చిప్పుకే ఒకటిన్నర టెరాబైట్ల దాకా చోటు. కార్డులు గుచ్చుకోవడానికి 40 లేన్లు. గ్రాఫిక్స్ ఉండదు, విడిగా కొనాలి. ఒక్కో కోరు వేగం కొలిస్తే ఐ5 సులువుగా గెలుస్తుంది. ఆరేళ్ల తర్వాత పుట్టిన కోరు ఒక్కో టిక్కులో ఎక్కువ పని చేస్తుంది మరి. అన్ని కోర్లనూ కలిపి పరుగెత్తించినా పద్నాలుగు కోర్ల పాతది ఆరు కోర్ల కొత్తదాన్ని గట్టిగా ఓడించలేదు. ఇదంతా తెలిసే చెప్తున్నాను, జియాన్ తీసుకోండి.

మా నాన్న బట్టల మిల్లులో నేతపని చేసినవాడు. 1982 జనవరి 18న కార్మిక నాయకుడు దత్తా సామంత్ పిలుపుతో సమ్మె మొదలైన రోజు తన సాంచె, అంటే మరమగ్గం, ఆపి బయటికొచ్చాడు, మళ్లీ లోపలికి పోలేదు. ఆయన నాకు నేర్పింది ఒకటుంది. సాంచె ఎంత వేగంగా ఆడుతోందని మంచి నేతగాడు అడగడు. పొద్దుగూకే సరికి ఎన్ని మీటర్లు దిగింది, అందులో ఎన్ని మీటర్లు తప్పుపోయింది, ఇదీ ఆయన లెక్క. నేను గిగాహెర్ట్జ్ చూడకపోవడానికి కారణం అదే. తప్పు ఎన్ని అని చూస్తాను.

ఆ తప్పు నాకు ఎలా తెలిసిందో చెప్పాలి. కొన్నేళ్ల కిందట నా దగ్గర కొత్త డెస్క్‌టాప్ ఉండేది. ఎవరి తయారీ అన్నది ఇక్కడ అక్కెర లేదు. పెళ్లిళ్ల కాలం, రవికె ముక్కల మీద నెమలి. మిషన్‌కు పన్నెండు తలలు, అంటే ఒక్క విడతకు పన్నెండు రవికెలు. మొదటి విడత దిగింది. నెమలి తల, మెడ ముచ్చటగా ఉన్నాయి. మెడ దగ్గర్నుంచి ఒళ్లంతా ఒక పక్కకు జరిగిపోయింది, ఎవరో కత్తిరించి ఎడంగా అతికించినట్టు. ఫ్రేము జారిందనుకున్నాం. బిగించి మళ్లీ నడిపాం. అదే చోట అదే తప్పు. మూడో విడతకు సూదులు మార్చి చూశాం. ముప్పై ఆరు పట్టు ముక్కలు పాడయ్యాయి. ఆ కుట్టుపని చేసిన పిల్లల కూలి నేనిచ్చుకున్నాను, పట్టు ఖరీదు రెండేళ్లు తీర్చాను.

ఎంబ్రాయిడరీ మిషన్ చదివే డీఎస్‌టీ ఫైలు ఎలా ఉంటుందో తెలిస్తే ఇది అర్థమవుతుంది. ఒక్కో కుట్టుకు మూడు బైట్లు. అందులో ఉండేది సూది ఎక్కడ దిగాలన్న చిరునామా కాదు, ఇప్పుడున్న చోటు నుంచి ఎంత జరగాలన్న లెక్క. మిల్లీమీటరులో పదోవంతు కొలతగా ఒక్కో బిట్టుకు 1, 3, 9, 27, 81 అని విలువలు. 81 విలువ ఉన్న ఒక్క బిట్టు తారుమారైతే సూది 8.1 మిల్లీమీటర్లు తప్పుతుంది. ప్రతి కుట్టూ తన ముందు కుట్టును నమ్ముకుని నడుస్తుంది కాబట్టి, ఆ తర్వాత వచ్చే వేల కుట్లన్నీ అంతే దూరం తప్పుతాయి. నా కంప్యూటరులో ఒక మెమరీ కడ్డీ చెడింది. రాత్రంతా మెమరీ పరీక్ష నడిపితే తెల్లవారుజామున ఎర్ర గీతలు కనబడ్డాయి. ఫైలు దాచుకునే ఆ ఒక్క క్షణంలో సున్నా ఒకటైంది. కంప్యూటరు ఆగలేదు, ఏమీ చెప్పలేదు, నాకు నెమలిని చంపి ఇచ్చింది.

జియాన్‌తో వాడే ఈసీసీ మెమరీ ఇలాంటిది జరగనివ్వదు. ప్రతి 64 బిట్లకు తోడు ఇంకో 8 కాపలా బిట్లు మోస్తుంది. ఒక బిట్టు చెడితే ఏది చెడిందో కనిపెట్టి తిరగేసి సరిచేస్తుంది, రెండు చెడితే చెడిందని చెప్తుంది. దీని మూలం రిచర్డ్ హామింగ్ 1950లో రాసిన పరిశోధన. బెల్ ల్యాబ్స్‌లో వారాంతాల్లో ఆయన లెక్కలు నడిపే యంత్రం తప్పు దొరికితే చాలు ఆ పని వదిలేసి తర్వాతి పనికి పోయేదట. తప్పుందని తెలిసిన యంత్రం దాన్ని దిద్దుకోలేదా అన్న కోపంలోంచి ఆ గణితం పుట్టింది. సాంచె మీద పేక తెగితే మిషన్ ఠక్కున ఆగుతుంది, మనిషి వచ్చి అతకాలి. ఈసీసీ పేక తెగిన చోట తానే ముడివేసి నేత ఆగకుండా నడిపిస్తుంది. ఐ5 12400 ఆ పని చేయదు. డీడీఆర్5లో కూడా దిద్దుబాటు ఉంది కదా అంటారు. ఉంది, మెమరీ చిప్పు లోపలి వరకే. అక్కణ్నుంచి ప్రాసెసర్ దాకా దారిలో జరిగే తప్పుకు అది కాపలా కాయదు. కొన్ని రైజెన్ బోర్డుల మీద ఈసీసీ పనిచేస్తుందన్నదీ నిజమే. ఆ మాట పట్టుకుని నెలరోజులు బోర్డుల వేట మొదలుపెట్టకండి. గ్రాంట్ రోడ్డు స్టేషన్లో దిగి నడిచేంత దూరంలో జియాన్ ఉంది.

కొనేటప్పుడు ఎవరికి వారు కొనకండి. అన్నిటికన్నా ముఖ్యమైన సలహా ఇదే. నలుగురు కలిసి ఒకటి కొనండి. కామాటిపురా పేరు మన కామాటీల పేరు. నిజాం రాజ్యం నుంచి వచ్చి ఈ ఊళ్లో రాయీ మట్టీ మోసి కట్టడాలు లేపిన కూలీలు వాళ్లు. వాళ్ల కాలం నుంచి ఈనాటి దాకా చాళ్ అంటే ఒక అంతస్తుకు ఉమ్మడి నల్లా, ఉమ్మడి వరండా, ఉమ్మడి మెట్లు. కంప్యూటరు మాత్రం తలా ఒకటి ఎందుకు? డెస్క్‌టాప్ ప్రాసెసర్‌ను ఒక్క మనిషి ముందు కూర్చుని వాడతాడని ఊహించి తయారు చేస్తారు. సర్వర్ ప్రాసెసర్‌ను ముఖం తెలియని వందమంది ఒకేసారి అడుగుతారని ఊహించి తయారు చేస్తారు. మన వరండాకు ఏది దగ్గర? లినక్సు వేసి నలుగురికి నాలుగు ఖాతాలు తెరవండి. పక్క ఖోలీలకు నెట్‌వర్క్ తీగ లాగి, అటు చివర ఏ పాత ల్యాప్‌టాపో పెట్టండి. దాని తెర, దాని కీబోర్డు చాలు, పనంతా జియాన్ మీద నడుస్తుంది. 128 జీబీ మెమరీ వేస్తే మనిషికి 32, థ్రెడ్లు మనిషికి ఏడు. ఒకరు పెళ్లి వీడియో కూరుస్తుంటే ఇంకొకరు డిజైన్ చేయొచ్చు, మూడో ఇంట్లో అమ్మాయి చదువుకోవచ్చు.

అది చెడితే నాలుగు ఇళ్లూ ఒక్కసారే ఆగిపోతాయి కదా అని నన్ను చాలామంది అడిగారు. ఆగుతాయి. అప్పుడు నలుగురూ కలిసి బాగుచేస్తారు. ఒక్కడి కంప్యూటరు చెడితే ఒక్కడే ఏడుస్తాడు, మూడు విడతలు నెమలి చచ్చేదాకా ఎవరికీ తెలియదు.

ఎక్కడ పెట్టాలి? పోట్‌మాళా మీద, అంటే ఖోలీ లోపలి అటక మీద పెట్టండి. కింద పెట్టొద్దు. 2005 జులై 26న శాంతాక్రూజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన పడింది. మిఠీ నది పక్కన ఉండేవాళ్లకు ఆ రాత్రి గురించి నేను చెప్పక్కర్లేదు. నీళ్లు ఎక్కలేని చోటు ఖోలీలో ఒక్క పోట్‌మాళాయే. అక్కడ వేడి ఎక్కువ, నిజమే. మే నెలలో రేకు కింద నిలబడలేం. అందుకని ఫ్యాను గాలి దానికి తగలనివ్వండి, గది దానికి వదిలి మీరు వరండాలో చాప వేసుకోండి. ఎలాగూ ఎండాకాలం మగవాళ్లం అక్కడే పడుకుంటాం. వానాకాలం వచ్చేసరికి ఆ వేడే మేలు చేస్తుంది. జరీ దారం, పట్టు ముక్కలు, పిల్లల సర్టిఫికెట్లు దాని పక్కన పెట్టండి, చెమ్మ పట్టవు.

లైట్ బిల్లు లెక్క కూడా చేద్దాం. పెట్టె మొత్తం సగటున 150 వాట్లు లాగుతుందనుకోండి. రాత్రీ పగలూ నడిస్తే రోజుకు 3.6 యూనిట్లు, నెలకు 108. ఒక్క మీటరు మీదే పడితే కరెంటిచ్చే బెస్ట్ వాళ్ల మొదటి వంద యూనిట్ల శ్లాబు అక్కడే దాటిపోతుంది. నలుగురూ పంచుకుంటే ఇంటికి 27. అదే ఒక చిన్న ఐ5 యాభై వాట్ల మీద రోజుకు పది గంటలు నడిస్తే నెలకు 15 యూనిట్లు. తేడా ఇంటికి పన్నెండు. డెబ్బై ఐదు వాట్ల సీలింగ్ ఫ్యాను రాత్రి ఐదు గంటలు ఆపితే నెలకు పదకొండు యూనిట్లు మిగులుతాయి. గదిలో మనిషి లేనప్పుడు పైన తిరిగే ఫ్యాను దేనికి? జియాన్‌కు పోట్‌మాళా మీద చిన్న టేబుల్ ఫ్యాను చాలు.

ఏది కొనాలో త్వరగా చెప్తాను. హెచ్‌పీ జెడ్440, డెల్ ప్రెసిషన్ టీ5810, ఈ రెండు పెట్టెల్లో ఏదైనా ఈ చిప్పును పట్టుకుంటుంది. బయాస్ కొత్తది వేయించుకోండి. జెడ్440లో మామూలు పవర్ సప్లై పట్టదు, కాబట్టి అదే రకంది ఇంకోటి కొని పక్కన పెట్టుకోండి. మెమరీ అడిగేటప్పుడు "రిజిస్టర్డ్ ఈసీసీ" అనాలి. అవి మామూలు డెస్క్‌టాప్ బోర్డుల్లో పనిచేయవు. విండోస్ 11 ఈ తరం చిప్పులను అధికారికంగా ఒప్పుకోదు. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. భయపడకండి, లినక్సు నేర్చుకోండి. ఎంబ్రాయిడరీకి ఇంక్‌స్కేప్‌లో ఇంక్‌స్టిచ్ అని ఉచితంగా దొరుకుతుంది, డీఎస్‌టీ ఫైలు చేస్తుంది. నాకు అలవాటు కావడానికి ఏడాది పట్టింది. మీరు కుర్రవాళ్లు, ఆరు నెలలు పెట్టుకోండి. ఆ ఆరు నెలలూ ఆర్డర్లు తగ్గించుకోండి.

పాతదని చిన్నచూపు వద్దు. ప్రాసెసర్లో తిరిగే భాగం ఏదీ లేదు. అరిగేది ఫ్యాను, పాడయ్యేది డిస్కు, పవర్ సప్లై. డేటా సెంటర్లు చిప్పులు చెడి తీసేయవు. కొత్తవి తక్కువ కరెంటుకు ఎక్కువ పని చేస్తాయని తీసేస్తాయి. వాళ్లు దించేసినదాన్ని మనం ఎత్తుకుంటే తప్పేముంది? మా ధారావిలోని తేరా కాంపౌండుకు రండి, ఒకసారి చూడండి. ఊరు పారేసిన ప్లాస్టిక్కు, ఇనుము, రాగి తీగ అక్కడ చేతుల మీదుగా మళ్లీ సరుకై బయటికి పోతాయి. ఆ గల్లీల్లో పెరిగి, కొత్త డబ్బా సీలు విప్పితేనే కంప్యూటరు అనుకోవడం నాకు బాధగా ఉంటుంది.

చప్పుడు గురించి ఇంట్లో గొడవ వస్తుంది. వర్క్‌స్టేషన్ ఫ్యాను రాత్రి గట్టిగానే వినిపిస్తుంది. మా ఇంట్లో అమ్మ మొదటి వారం తిట్టింది. నాన్న మాత్రం, మిల్లు మూసుకున్నాక నిద్ర పట్టక ఏళ్ల తరబడి తెల్లారేదాకా వరండాలో తిరిగిన మనిషి, దాని కిందే పక్క వేయించుకున్నాడు.

జియాన్‌ను ఎప్పుడూ ఆపకండి. పండక్కి ఊరికి పోయినా ఆపొద్దు, మీరు లేనప్పుడు మిగతా మూడిళ్లు పనిచేసుకుంటాయి. బండి ఎక్కే ముందు అడ్మిన్ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి, మీ అంతస్తులో నల్లా తాళంచెవి ఏ అవ్వ దగ్గర ఉంటుందో ఆమె చేతికివ్వండి. నీళ్లకు ఎవరి వంతు ఎప్పుడో ఆమెకు తెలుసు. దీనిక్కూడా ఆమె వంతులు వేస్తుంది.