పదో నంబరుకు బజ్జీలు

తుపాను వస్తోందంటే మన కోస్తా ఇళ్లలో సన్నాహాలకు కొదవుండదు. కిలో శనగపిండి, అరకిలో బజ్జీ మిరపకాయలు, ఓ కోడి. టార్చిలైటూ ఉంటుంది, దాని బ్యాటరీలే గోడ గడియారంలో ఉంటాయి.

రేవులో ఒకటో నంబరు హెచ్చరిక ఎగరేస్తే ‘ఆఁ, ఒడిశా వెళ్లిపోద్దిలే’ అంటాం. మూడో నంబరుకు బీచికెళ్లి సెల్ఫీ దిగుతాం. పదో నంబరు, అంటే మహాప్రమాదం, ఎగరేశాక ‘కొవ్వొత్తులెక్కడే?’ అని ఇల్లంతా తిరగేస్తాం. ఆపైన పదకొండోదీ ఉంది. హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని దానర్థం. ఫోన్లో ఛార్జింగు రెండు శాతానికి పడిపోయిన ఇంట్లో అది ముందే ఎగిరిపోతుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను ఊడ్చేసినప్పుడు కరెంటు పోయింది, సెల్‌ఫోన్లు మూగబోయాయి, చేతిలో నోట్లున్నవాడే మహారాజయ్యాడు. కరెంటుతో పాటే మనకు మతిమరుపూ తిరిగొచ్చింది. ఇప్పుడు కొత్తిమీర కట్టకూ క్యూఆర్ కోడే. జేబులో పది రూపాయల నోటుంటే వింత.

అధికారులేం తక్కువ తినలేదు. ‘కరెంటు లేకపోతే ఆందోళన వద్దు, వివరాలకు మా వెబ్‌సైట్ చూడండి’ అనగల సమర్థులు!

నాలుగు బిందెల నీళ్లు పట్టి, బీపీ మాత్రలు, ఆధార్ జెరాక్సులు, కాస్త చిల్లర ఓ ప్లాస్టిక్ సంచిలో కట్టి ఉంచమంటే ‘అపశకునం మాటలు’ అంటాం. తుపానుకు శకునాల పట్టింపు లేదు మరి. దుర్ముహూర్తంలోనైనా తీరం దాటేస్తుంది!