మూట

ఛత్తీస్‌గఢ్‌లో 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక బీజాపూర్, దంతెవాడ పల్లెల నుంచి వేలమంది సరిహద్దు దాటి ఖమ్మం అడవుల్లోకి వచ్చారు. ఇక్కడివాళ్లు వాళ్లను గొత్తికోయలన్నారు. 2011లో సుప్రీంకోర్టు సల్వాజుడుం చట్టవిరుద్ధమంది. అయినా చాలామంది వెనక్కి పోలేదు. చర్ల అడవిలో తడికల ఇళ్లతో ఉన్న ఒక గుంపు కూడా పోలేదు.

ఆ గుంపులో ఒక పాకలో బడి. మాస్టారిది ఖమ్మం. పొద్దున్నే ఇంటింటికీ తిరిగి పిల్లల్ని పిలుచుకొచ్చేవాడు. ఏ ఇంట్లో చూసినా నిట్టాడికి ఒక సంచిమూట వేలాడుతుండేది. రెండు జతల బట్టలు, విత్తనాల పొట్లం, గిన్నె, కవరులో చుట్టిన కార్డులు. మూతి తాడుతో బిగించి ఉండేది. గిన్నె కావాలంటే చెయ్యి పట్టేంత వదులు చేసి తీసుకునేవారు, పని కాగానే లోపల పెట్టి మళ్లీ బిగించేవారు. ఎలుకల భయం కాబోలనుకున్నాడు మాస్టారు.

మూడో తరగతి ఇంగ్లీషు పాఠంలో సీతాకోకచిలుక పువ్వు మీంచి పువ్వు మీదికి ‘ఫ్లిట్’ అయింది. మాస్టారికి తెలిసిన ఫ్లిట్ చిన్నప్పుడు ఇంట్లో పంపుతో కొట్టిన దోమలమందు. రాత్రి నిఘంటువు తీశాడు. చకచకా, తేలిగ్గా, ఒకచోట నిలవకుండా కదలడం అని ఉంది. దాని కింద మాట పుట్టుక. పాత నార్స్ భాష నుంచి 1200 ప్రాంతంలో ఇంగ్లీషులోకి వచ్చింది. అప్పట్లో అందులో తేలికదనం లేదు. మోసుకుపోవడమని అర్థం. స్కాట్లాండులో ఇప్పటికీ ఇల్లు మారడాన్ని ఫ్లిట్ అంటారు. అప్పులవాళ్లకు తెలియకుండా రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేస్తే అది వెన్నెల ఫ్లిట్.

ఈ పిల్లలకు ఇదంతా ఎందుకని మాస్టారు పుస్తకం మూశాడు.

మర్నాడు మొదటి అర్థమే చెప్పాడు. చేతివేళ్లు ఆడించి చూపించాడు. పిల్లలూ ఆడించారు. కోయలో ఒకరికొకరు చెప్పుకున్నారు. ఎవరికి వారు ఒక వాక్యం చెప్పమన్నాడు.

పిట్ట ఫ్లిట్ అన్నాడొకడు. ఉడుత ఫ్లిట్ అంది ఇంకో పిల్ల. తూనీగ ఫ్లిట్. మాస్టారు అన్నీ బోర్డు మీద రాశాడు.

వెనక వరసలోంచి ఒక పిల్ల లేచింది.

“మేము ఫ్లిట్ సార్.”

పిల్లలెవరూ నవ్వలేదు. మాస్టారు సుద్దముక్క బోర్డుకి ఆనించి ఆగాడు.

“మనుషులకి వాడకూడదమ్మా. అది తేలికైనవాటికి. మనకి ఇల్లుంటది, సామానుంటది. పిట్టలా లేచిపోలేం కదా.”

పిల్ల కూర్చోలేదు.

“మా సామానంతా మూటలోనే ఉంటది సార్. మా అమ్మ మూట విప్పనియ్యదు. పోయినసారి మూట కట్టుకునేలోపే ఇల్లు కూలగొట్టారు.”