‘పాబ్లో హనీ’ శ్రోతృవాక్యాలకు ధరణికోట టీక

అవతారిక. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ పక్కనున్న ఆబింగ్డన్ బళ్ళో చదువుకున్న అయిదుగురు కుర్రాళ్ళు రేడియోహెడ్ అనే పేరుతో 1993 ఫిబ్రవరిలో విడుదల చేసిన తొలి ఆల్బమ్ ‘పాబ్లో హనీ’. పాటలు 12, నిడివి ముప్పావు గంటకు కాస్త తక్కువ, రసం కరుణమని ప్రసిద్ధి. పల్నాడు జిల్లా అమరావతి మండలం ధరణికోటలో ఓ ఇంటి వసారాలో దాన్ని విన్నవాళ్ళు అన్న మాటలే ఇక్కడ మూలం. మూలంలో లేనిది రాయనన్నాడు మల్లినాథ సూరి. ఆయనకు కాళిదాసు దొరికాడు గనుక సాగింది. మనకు దొరికిన మూలంలో ఉన్నదానికన్నా లేనిదే ఎక్కువ.

ధరణికోటకీ ఇంగ్లీషు పాటకీ ఏమిటి సంబంధం అంటారా? శాతవాహనుల ధాన్యకటకం ఇదే. పక్కనే ఉన్న అమరావతి స్తూపం శిల్పాలు 1859లో ఓడెక్కి లండన్ చేరాయి, ఇప్పటికీ అక్కడి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. అటు నుంచి బదులుగా ఓ దిగులు పాట వచ్చిందనుకుంటే తప్పులేదు. లెక్క చెల్లయిందని మాత్రం ఎవరూ అనరు.

మూలం: “క్రీప్ ఒక్కటే బ్రో. మిగతాదంతా ఫిల్లర్.”

ప్రతిపదార్థం: క్రీప్ = ఆ పేరు గల రెండో పాట; ఒక్కటే = రీల్స్‌లో తగిలింది అదే గనుక అదొక్కటే; బ్రో = నాకన్నా తక్కువ విన్న ఓ మిత్రమా; మిగతాదంతా = మూడో పాట మొదలవగానే ఫోన్ లాక్కోగా వినకుండా మిగిలిపోయింది; ఫిల్లర్ = మిర్చి టిక్కీలో పైన ఎర్రకాయ పేర్చి అడుగున కలిపిన తాలు.

తాత్పర్యం స్పష్టం. వక్త బీటెక్ మూడో ఏడు.

విశేషం: ఈ మాటను కొట్టిపారేయడానికి లేదు, ఎందుకంటే ఆ బృందమే చాలాకాలం ఇంచుమించు ఇదే బాధ పడింది. ఆ పాట అసలు జాబితాలోనే లేదు. షాన్ స్లేడ్, పాల్ కోల్డెరీ అనే ఇద్దరు నిర్మాతలు వేరే పాటలు రికార్డు చేయిస్తుండగా మధ్యలో ఇది వాయించారు. గాయకుడు థామ్ యార్క్ దీన్ని ‘మా స్కాట్ వాకర్ పాట’ అన్నాడు. నిర్మాతలు నిజంగానే స్కాట్ వాకర్ అనే గాయకుడిది కాబోలు అనుకుని ఊరుకున్నారు. 1992 సెప్టెంబరులో విడి పాటగా విడుదలైతే, మరీ ఏడుపుగా ఉందని బీబీసీ రేడియో 1 పక్కన పెట్టింది. బ్రిటన్ చార్టులో దక్కింది 78వ స్థానం. ఆ తర్వాత ఇజ్రాయెల్ రేడియో ఎత్తుకుంది, అమెరికా అందుకుంది. 1993లో మళ్ళీ వదిలితే సొంత దేశంలో 7వ స్థానానికి చేరింది. ఇక ఎక్కడికి వెళ్ళినా అదే పాడమన్నారు. 1994లో వీళ్ళు ఆ గొడవ మీదే ‘మై ఐరన్ లంగ్’ అని ఇంకో పాట కట్టారు. ఐరన్ లంగ్ అంటే పోలియో రోగి చేత ఊపిరి పీల్పించే ఇనుప పెట్టె. బతికిస్తుంది, బయటికి మాత్రం రానివ్వదు.

మూలం: “ఓకే కంప్యూటర్ విన్నాక ఇది వినలేంరా తమ్ముడూ.”

పాఠాంతరం: ‘కిడ్ ఎ విన్నాక’. అర్థభేదం లేదు, గర్వభేదం ఉంది.

వక్త హైదరాబాదులో ఉద్యోగం, సంక్రాంతికి వచ్చాడు. ఓకే కంప్యూటర్ 1997 నాటిది, కిడ్ ఎ 2000 నాటిది. ఈయన ముందుగా వాటిని విని, ఆ తర్వాత వెనక్కి నడిచి 1993కి చేరాడు. తామే నాలుగేళ్ళ తర్వాత ఏం చేస్తారో 1993లో పాడినవాళ్ళకు తెలియదు. అది వాళ్ళ దోషం అంటాడు ఈయన. దీనికి ‘ఉత్తరగ్రంథ దోషం’ అని పేరు పెడదాం. తొలి పుస్తకం, తొలి సినిమా, తొలి ఆల్బమ్, దేని మీదైనా మనవాళ్ళు చెప్పే అభిప్రాయాల్లో సగానికి పైగా ఈ జాతివే. విన్నది ఒకటి, తూచింది ఇంకోటి. చివరి పాట ‘బ్లో అవుట్’లో మాత్రం తర్వాతి రేడియోహెడ్ ఛాయలున్నాయని ఈయన ఒక రాయితీ ఇస్తాడు. ఆ రాయితీ కూడా వెనకనుంచి ముందుకు చదివి ఇచ్చిందే.

మూలం: “మా దేవదాసు ముందు ఇదో ఏడుపా?”

దేవదాసు 1953 నాటి సినిమా. ఈ పెద్దాయన ఏ కొత్త పాటనైనా ఇదే మాటతో దీవిస్తారు. టీక అనవసరం.

మూలం: “ఏందిరా అబ్బాయ్, ఎవురో పిల్లోడు పాపం ఒకటే బాధపడతా ఉండాడు. అన్నం తిన్నాడో లేదో!”

వక్త పిన్ని. మిరపకాయలకు తొడిమలు తీస్తూ ‘క్రీప్’ వింది. ఇంగ్లీషు రాదు, రేడియోహెడ్ అంటే ఏ రేడియో అని అడిగింది.

పిల్లోడు = థామ్ యార్క్. 1968లో పుట్టాడు గనుక పాడేనాటికి పాతికేళ్ళు నిండలేదు. పిలుపు సాధువే.

మాట తెలియకుండా బాధ ఎలా తెలిసిందని శంక. సమాధానం: ఆ పాటంతా నాలుగు కార్డుల మీదే తిరుగుతుంది. జి, బి, సి మేజర్లు, చివర సి మైనర్. జి ని షడ్జం అనుకుంటే, లోపల ఒక స్వరం పంచమం నుంచి శుద్ధ ధైవతానికీ, అక్కణ్ణుంచి చతుశ్శ్రుతి ధైవతానికీ మెట్టు మెట్టుగా ఎక్కి, అందాకా వచ్చి ఇంకొక్కటి ఎక్కక మళ్ళీ శుద్ధ ధైవతానికి జారిపోతుంది. పాట పొడుగునా ఇదే ఎక్కడం, ఇదే జారడం. పిన్ని విన్నది ఆ జారుడు.

ఆమె మరో మాట కూడా అంది: “మధ్యలో ఆ రెండోవాడికి ఈ ఏడుపు గిట్టనట్టుందే, డబ్బా పగలగొడతన్నాడు.”

ఇక్కడ టీకాకారుడు కలం కింద పెట్టి నమస్కరించాలి. పల్లవికి ముందు గిటారు ఫెడేల్ ఫెడేల్మని దెబ్బలు కొడుతుంది. కొట్టినవాడు జానీ గ్రీన్‌వుడ్. పాట మరీ మెత్తగా ఉందని అతనికి నచ్చలేదు, అందుకే గట్టిగా బాదాడని అతని తోటివాళ్ళే తర్వాత చెప్పారు. చెడగొట్టబోయిన దెబ్బే పాటకు గుర్తయి కూర్చుంది. విషమాలంకారానికి దగ్గరి చుట్టం. అభిమానులు పుస్తకాల్లో చదివి తెలుసుకున్న సంగతి, పిన్ని తొడిమ తీసినంత సేపట్లో చెప్పేసింది.

ఆమె చేతులు ఘాటు మీదున్నాయి గనుక ఫోన్ ఎవరూ ఆపలేదు. మూడో పాట ‘హౌ డూ యూ?’ మొదలైంది. రెండు నిమిషాల చిల్లర, అంతా కేక.

“ఇందాకటి పిల్లోడేనా?” అంది.

“ఆఁ, వాడే పిన్నీ.”

“అయితే తిన్నాడులే.”